పండుగ కంచం మనది, పాణం కూడా మనదే

(సావిత్రిబాయి ఫూలే జయంతి సందర్భంగా జనవరి 3న ఒక వాడలో జరిగిన స్త్రీల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం)

 

ఈ రోజు సావిత్రిబాయి ఫూలే పుట్టిన రోజు. 1831లో పుట్టిన ఆ తల్లి ఆడపిల్లల చేతికీ, అంటరాని పిల్లల చేతికీ పలక ఇవ్వకపోతే మా ఇంటికి మొట్టమొదటి డిగ్రీ వచ్చేది కాదు. నేను ఈ మైకు ముందు నిలబడేదాన్ని కాదు. ఆమె గురించి మాట్లాడమని సంఘం వాళ్ళు పిలిచారు. నేను తిండి గురించి మాట్లాడతానన్నాను. "జయంతి సభల తిండి ముచ్చటేంది టీచరమ్మా" అని ఒక తమ్ముడు నవ్విండు. తమ్ముడూ, 1897లో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి రోగులకు సేవ చేస్తూ అదే రోగం సోకి చనిపోయింది. చదువు చెప్పిన తల్లే జనం పాణం గురించి కూడా పట్టించుకుంది. అందుకే ఈ సభలో ఈ మాట మాట్లాడటం తప్పు కాదనుకుంటున్నాను.

ఇంకో పది రోజుల్లో సంక్రాంతి. ఎవరింట్లో ఎన్ని కిలోల పిండి పట్టించాలె అని ఇప్పటికే లెక్కలు నడుస్తున్నాయి. మూకుడు పొయ్యి మీదికి ఎక్కకముందే చెప్పాలి. ఎక్కినంక చెబితే ఎవరు వింటారు?

ముందే ఒక మాట. పండుగ పూట నోరు కట్టేసుకోండి అని చెప్పడానికి నేను రాలేదు. మన నోళ్ళు తరతరాలుగా కట్టేసే ఉన్నాయి. వాటిని మళ్ళీ కట్టేయమని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

మా అవ్వ సంగతి చెబుతాను. మా అవ్వ కూలి మనిషి. అక్షరం రాదు. నా చిన్నతనంలో పండుగ తెల్లారి గిన్నె పట్టుకొని పెద్దిండ్ల వాకిళ్ళల్లో నిలబడేది. వాళ్ళు తిని, వాళ్ళ చుట్టాలు తిని, మిగిలినవి ఎత్తు నుంచి గిన్నెలో వేసేవారు. విరిగిన అరిసెలు, మెత్తబడ్డ సకినాలు, వాసన వచ్చిన భక్షాలు. ఆ గిన్నె కోసం మేం నలుగురు పిల్లలం గుడిసె ముందు ఎదురుచూసేవాళ్ళం. ఒకసారి నేను కూడా వెంట వెళ్ళాను. ఆ ఇంటి పిల్ల బడిలో నా తరగతే. అది నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. మళ్ళీ ఎన్నడూ నేను ఆ వాకిట్లోకి పోలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన ఏడు సంక్రాంతికి మా అవ్వ ఏం చేసిందో తెలుసా? పది కిలోల బియ్యం నానబోసింది. పామాయిల్ ప్యాకెట్లు ఎనిమిది తెప్పించింది. మూడు రోజులు మూకుడు దించలేదు. సకినాలు, అరిసెలు, గారెలు, మురుకులు చేసి వాడంతా పంచింది. "మనింట్ల నూనె వాసన ఊరి దాక పోవాలె" అన్నది. అది తిండి మీద ఆశ కాదు. అది ఆత్మగౌరవం. అప్పటి నుంచి ప్రతి పండుగకూ అంతే.

2014లో ఆమెకు షుగర్ ఉందని తెలిసింది. నేను చదువుకున్నదాన్ని కదా, "అవ్వా, ఈసారి మూకుడు పెట్టొద్దు" అన్నాను. ఆమె నా దిక్కు చూసి, "వాళ్ళ మూకుడు దిక్కు చూసుకుంట సగం బతుకు పాయె. ఇప్పుడు నా ఇంట్ల నన్ను మూకుడు పెట్టొద్దంటవా బిడ్డా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. నోరు మూసుకున్నాను.

పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన ఊరడిగాడు, వాడ అడిగాడు. అడిగి, "మీరు పెద్దకూర తింటారు గదా, అందుకే ఈ రోగాలు. మాంసం బంద్ పెట్టి సాత్వికంగా తినండి" అన్నాడు. పూటకు అన్నం ఎంత తింటున్నావని అడగలేదు. నూనె ఎంత వాడుతున్నారని అడగలేదు. మా అవ్వ భయపడి కూర మానేసింది. కూర లేకపోయేసరికి పచ్చిపులుసుతో, చింతకాయ తొక్కుతో అన్నం పెరిగింది. రెండు ముద్దలు తినే కాడ నాలుగు ముద్దలు. షుగర్ తగ్గలేదు, పెరిగింది. ఒంట్లో రక్తం తగ్గింది.

2018 సంక్రాంతి ముందర పొయ్యి కట్టెలు తెస్తుంటే కాలికి తుమ్మముల్లు దిగింది. షుగర్ ముదిరితే పాదాలు మొద్దుబారతాయి. ఆమెకు నొప్పి తెలియలేదు. పండుగ పనిలో ఎవరం చూడలేదు. "పండుగ పూట మందుగోలీలేంది" అని మూడు రోజులు గోలీలు కూడా వేసుకోలేదు. పిండివంటలు మాత్రం తిన్నది. నాలుగో రోజు చీము కనపడింది. నెల తిరిగేసరికి మోకాలి కింద కాలు తీసేశారు. మూడేండ్లకు మనిషే పోయింది.

ఇది ఒక్క మా అవ్వ కథ అయితే మీ ముందు చెప్పేదాన్ని కాదు. ఈ వాడలో చెప్పులు ఎక్కడ కొట్టుకున్నా తెలియని కాళ్ళు ఎన్ని ఉన్నాయో ఆశక్కను అడగండి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో తేల్చింది. ఒకప్పుడు దీన్ని కూర్చొని తినేటోళ్ళ రోగం అనేవాళ్ళం. ఇప్పుడు ఎండలో పత్తి ఏరే మనిషికి కూడా వస్తోంది.

షుగర్ వచ్చిందంటే ఏదో తప్పు చేసినట్టు సిగ్గుపడి దాచేవాళ్ళున్నారు. బాబాసాహెబ్‌కు కూడా షుగర్ ఉండేది. ఏండ్ల తరబడి దానితో పోరాడుతూనే అంత పని చేశాడు. 1956 డిసెంబర్ 6న పోయేనాటికి ఆయన వయసు 65 ఏండ్లే. రోగం దాచుకునేది కాదు, పట్టించుకునేది.

మరి ఈ రోగం మన ఇంటికి ఏ దారిన వచ్చింది? డాక్టరు చెప్పినట్టు కూర గిన్నెలో వచ్చిందా?

మన ముసలవ్వలను అడగండి. వాళ్ళ కాలంలో రోజూ తిన్నది ఏంది? పొద్దున అంబలి, పగలు గటక, రాత్రి జొన్న రొట్టె. దాంట్లోకి ఏరుకొచ్చిన ఆకుకూర, లేదా ఉల్లిగడ్డ, కారం. బువ్వ అంటే వరి అన్నం. అది పండుగకే. "రేపు మా ఇంట్ల బువ్వ" అని పిల్లలు వాడంతా చెప్పుకొని తిరిగేవాళ్ళు. ఏడాదిలో ఐదారు రోజులు బువ్వ తిన్నారు, అరిసె తిన్నారు, కూర తిన్నారు. మిగిలిన రోజులు గటక తిని చెమట తీశారు. ఆ ఐదారు రోజుల తిండి వాళ్ళ ఒంటికి ఏ కీడూ చేయలేదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని నేను తిట్టను. తిట్టే నోరు కడుపు నిండిన నోరై ఉండాలి. ఆ బియ్యం రాకపోతే మా ఇంట్లో నలుగురం పిల్లలం బతికి బట్టకట్టేవాళ్ళం కాదు. కానీ బియ్యం వచ్చే కాలంలోనే ఇంకోటి జరిగింది. జొన్న, సజ్జ, కొర్ర పండే చెలకల్లోకి పత్తి వచ్చింది. కూలికి గింజలు కొలిచే పద్ధతి పోయి పైసలు వచ్చాయి. జొన్నలు అంగట్లో కొనాల్సిన వస్తువైపోయింది. బియ్యం ఇంటికొచ్చే వస్తువైంది. తెలంగాణలో 2025 ఉగాది నాడు రేషన్‌లో సన్నబియ్యం కూడా మొదలుపెట్టారు. పెద్దిండ్ల బియ్యం మన కంచంలోకి రావడం నాకూ సంతోషమే.

అయితే లెక్క చూడండి. ఒకప్పుడు పండుగకు తిన్న బువ్వ ఇప్పుడు మూడు పూటల కూడు అయింది. పండుగ రోజువారీలోకి వచ్చేసింది. రోజూ బువ్వే తిన్నప్పుడు పండుగకు ఏం ప్రత్యేకం చేయాలి? ఇంకా నూనె, ఇంకా చక్కెర, ఇంకా రంగునీళ్ళ సీసాలు. పొట్టు పోయిన తెల్ల బియ్యంలో పీచు తక్కువ. తిన్న కొద్దిసేపటికే రక్తంలో చక్కెరగా మారుతుంది. జొన్నలో, సజ్జలో దానికి మూడు నాలుగు రెట్ల పీచు ఉంటుంది, అందుకని మెల్లగా అరుగుతుంది. 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, తెల్ల బియ్యంలో 10 కూడా ఉండదు. మన ముసలవ్వల ఎముకల గట్టితనం ఊరికే రాలేదు.

కాబట్టి రోగం మన పండుగలో లేదు. పండుగ కూడు రోజువారీ కూడు కావడంలో ఉంది. దాని మీద మళ్ళీ పండుగ చేయడంలో ఉంది. నేను చెప్పేది ఇంతే: బువ్వ రోజులోకి వచ్చింది కాబట్టి, రొట్టె పండుగలోకి రావాలె.

ఇప్పుడు కూర సంగతి. మన తిండి చూపించి మనల్ని వెలివేశారు. పెద్దకూరకూ అంటరానితనానికీ ఉన్న సంబంధం గురించి బాబాసాహెబ్ 1948లో ఒక పుస్తకమే రాశాడు. ఇప్పుడు అదే పాత మాట డాక్టరు నోట, టీవీ నోట ఆరోగ్యం పేరుతో వస్తోంది. వినేముందు నిజం అడగండి. మాంసంలో ఉండే ఇనుము ఒంటికి పట్టినంత తేలిగ్గా ఆకుకూరల్లో ఉండే ఇనుము పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో 100కి 57 మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 58 దాటింది. ఇంత మంది ఆడవాళ్ళకు రక్తం లేని చోట, చవకగా ఇనుము ఇచ్చే కూరను మానెయ్యమని చెప్పడం ఏం వైద్యం?

అట్లని కూరలో అంతా మంచే అని కూడా నేను అనను. కొవ్వు ముక్కలు, బోటి రోజూ తింటే గుండెకు భారమే. ఎండబెట్టిన తునకల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్ళకు మంచిది కాదు. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళు మాంసం, పప్పు ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి. మనది అని చెప్పి కళ్ళు మూసుకోవద్దు. వాళ్ళది కాదని చెప్పి సిగ్గుపడొద్దు.

1927 మార్చిలో మహాడ్‌లో బాబాసాహెబ్ మన వాళ్ళకు ఏం చెప్పాడో గుర్తుందా? చెరువు నీళ్ళ గురించి మాత్రమే చెప్పలేదు. చచ్చిన గొడ్డు మాంసం తినడం మానండి, వాళ్ళు పడేసే ఎంగిలి మెతుకులు ముట్టకండి అని కూడా చెప్పాడు. అది ఆత్మగౌరవం మాట, ఆరోగ్యం మాట కూడా. తిండి మార్చుకోవడం అంటే వాళ్ళలాగా కావడం కాదని, మన మంచి మనం చూసుకోవడమని ఆ సభ చూపించింది. మా అవ్వ గిన్నె వదిలిపెట్టిన రోజు మహాడ్ మా ఇంటికి వచ్చింది. కానీ మూకుడు మూడు రోజులు దించకపోవడంలో ఆ పెద్దిండ్లే ఇంకా మా ఇంట్లో కూర్చొని ఉన్నాయని నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళు చేసిందే గొప్ప వంట, మన రొట్టె తక్కువ వంట అని మనం కూడా నమ్మినం. ఆ నమ్మకాన్ని దించాలి. మూకుడు దానంతట అదే దిగుతుంది.

సరే, ఇప్పుడు పొయ్యి కాడికి పోదాం. రాసుకునేవాళ్ళు రాసుకోండి.

మొదటిది మూకుడు. సకినాలు మానొద్దు. పది కిలోల కాడ రెండు కిలోలు చేయండి. మూడు రోజులు కాదు, ఒక్క పూట. నూనె ఒక్కసారే కాగాలి. కాగిన నూనెను వడగట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల్లో వాడి ఖతం చేయండి. మళ్ళీ మూకుట్లో పోసి వేయించొద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే మాట కూడా ఇదే. మాటిమాటికి కాగి నల్లబడ్డ నూనె గుండెకు చేటు. పామాయిల్‌లో దగ్గర దగ్గర సగం గడ్డకట్టే రకం కొవ్వే. పల్లినూనె, నువ్వులనూనె కొంచెం నయం. అయితే ఏ నూనె అయినా నూనే, గానుగ నూనె అని చెప్పి గిన్నెలు గిన్నెలు పోయొద్దు.

ఇంకో ఉపాయం సర్వపిండి. పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు కలిపి గిన్నెకు ఒత్తి, నాలుగు చుక్కల నూనెతో కాల్చేది. సగం జొన్నపిండి కలిపినా రుచి పోదు. మూకుడు నిండా నూనె కావలసిన చోట రెండు చెంచాలతో పని అయిపోతుంది.

రెండోది తీపి. ఇక్కడ చాలామంది మోసపోతున్నారు. "బెల్లంతో చేసిన, షుగర్ ఉన్నోళ్ళు తినొచ్చు" అంటున్నారు. తప్పు. బెల్లం కూడా రక్తంలో చక్కెరను పెంచుతుంది. బెల్లం అరిసె అయినా, చక్కెర లడ్డూ అయినా షుగర్ మనిషికి ఒకటే లెక్క. పండుగకు ఒక్క రకం తీపి చాలు. నువ్వుల ముద్ద, పల్లీ ముద్ద ఉసిరికాయంత చేయండి. సజ్జ రొట్టెను నలిపి కొంచెం బెల్లం, నువ్వులు కలిపిన మలీద చేయండి. షుగర్ మనిషికి అందులోంచి ఒక చిన్న ముద్ద ఇవ్వండి, ఆ పూట అన్నం తగ్గించండి. అసలే ఇవ్వకపోతే దొంగచాటుగా నాలుగు తింటారు. మా అవ్వ తిన్నది.

మూడోది రొట్టె. మా దిక్కు భోగి నాడు సజ్జ రొట్టెకు నువ్వులద్ది కాల్చేవాళ్ళు. దాంట్లోకి వంకాయ, అనపగింజలు, పచ్చి శనగలు కలిపి కూర. అదే అసలు పండుగ వంట. దాన్ని మళ్ళీ తీసుకురండి. రొట్టె చేయడం రాదనే కోడండ్లకు అత్తలు నేర్పాలి, కొడుకులకు కూడా నేర్పాలి. జొన్న రొట్టె మంచిదని చెప్పి ఆరు తింటే షుగర్ పెరుగుతుంది. ఒకటి, కడుపు నిండకపోతే ఒకటిన్నర.

నాలుగోది కూర, బగారా. కొవ్వు తీసి వండండి. మాంసంలో ఉన్న కొవ్వే కరుగుతుంది, కాబట్టి నూనె సగానికి తగ్గించినా కూర కూరలాగే ఉంటుంది. కిలో మాంసం తెచ్చిన చోట అరకిలో తెచ్చి, శనగపప్పు, సొరకాయ వేసి దాల్చా చేయండి. చుక్కకూరతో వండండి, గోంగూరతో వండండి. అందరికీ వస్తుంది, పైసలు మిగులుతాయి. తునకలు వండేముందు నీళ్ళల్లో నానబెట్టి ఆ ఉప్పునీళ్ళు పారబోయండి. బగారాలో వనస్పతి వద్దు. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూర ఉండాలి. పావు వంతు మాంసమో పప్పో గుడ్డో ఉండాలి. మిగిలిన పావు వంతే అన్నం గానీ రొట్టె గానీ. ముందు కూర తినడం మొదలుపెట్టండి, అన్నం తర్వాత కలపండి.

ఐదోది ఉప్పు. రోజుకు మనిషికి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. తొక్కు, అప్పడం, చిప్స్ ప్యాకెట్టు, తునకలు అన్నీ కలిపి ఇదే లెక్క. మన ఇండ్లల్లో పక్షవాతం వచ్చి పడిపోయినవాళ్ళలో చాలామందికి ముందు బీపీ ఉన్నట్టే తెలియదు.

ఆరోది సీసాలు. పావు లీటరు కూల్‌డ్రింకులో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. చుట్టం వస్తే అదే మర్యాద అనుకుంటున్నాం. మజ్జిగ ఇవ్వండి, నిమ్మకాయ నీళ్ళు ఉప్పు చిటికెడేసి ఇవ్వండి. పిల్లలకు చిప్స్ బదులు గుడాలు పెట్టండి. బొబ్బర్లు, శనగలు, పెసర్లు ఏవైనా ఉడకబెట్టి తాలింపు వేస్తే చాలు. ఇంకో సీసా ఉంది, అన్నదమ్ములారా, మీకు తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబర్‌లో సారా బందయింది. సారా పోయింది, సీసా వచ్చింది. షుగర్ గోలీ వేసుకొని, ఏమీ తినకుండా తాగితే చక్కెర ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పుతాడు. తాగి పడుకున్నాడనుకొని ఇంట్లోవాళ్ళు వదిలేస్తారు. అట్ల పాణం పోయే ప్రమాదం ఉంది.

ఏడోది గోలీలు. పండుగకు సెలవు కూలికి, బడికి. గోలీలకు లేదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పండుగ పని పేరుతో పగటి దాకా ఏమీ తినకుండా ఉండొద్దు. రాత్రి పడుకునేముందు పాదాలు కడుక్కొని దీపం వెలుగులో చూసుకోండి. మీకు కనపడకపోతే పిల్లలతో చూపించుకోండి. నేను మా అవ్వ పాదాలు ఆ మూడు రోజుల్లో ఒక్కసారి చూసినా ఆమె కాలు మిగిలేదేమో.

ఇప్పుడు మగవాళ్ళకు కోపం వచ్చే మాట ఒకటి చెప్పాలి. ఇన్ని చెప్పినా ఒక్కటి మారకపోతే ఏమీ మారదు. పండుగ నాడు మన ఇంట్లో ముందు ఎవరు తింటారు? మగవాళ్ళు, చుట్టాలు, పిల్లలు. ముక్కలు వాళ్ళ కంచంలోకి, పులుసు ఆడవాళ్ళ కంచంలోకి. అడుగున మిగిలిన నూనె, మసాలా, దాంట్లో నాలుగు పిడికిళ్ళ అన్నం. తెల్లారి మిగిలిన అరిసెలు ఎవరు తింటారు? పారేయడానికి మనసొప్పక ఆమే తింటుంది. పెద్దిండ్లవాళ్ళు మనకు మిగిలినవి వేస్తే అది అవమానం అన్నాం. మన ఇంట్లో మన ఆడవాళ్ళకు మిగిలినవి పెడితే అది ఏమవుతుంది? చెప్పండి. జై భీమ్ అన్న నోటితోనే చెప్పండి.

ఈ సంక్రాంతికి ఒక పని చేయండి. అందరూ ఒకే వరసలో కూర్చోండి. కూర గిన్నె మధ్యలో పెట్టండి. ముక్కలు లెక్కబెట్టి పంచండి. కడుపుతో ఉన్న మనిషికి, ఎదిగే ఆడపిల్లకు ముందు వడ్డించండి. అన్నం మీద నిమ్మకాయ పిండుకోండి, తిన్న వెంటనే చాయ్ తాగొద్దు. నిమ్మ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది, చాయ్ పట్టనివ్వదు.

చివరగా సంఘం బాధ్యులకు. తిండి ఒక్కో ఇంటి సంగతే అని వదిలేస్తే కుదరదు. జొన్నలు తినండి అని చెప్పడం తేలిక. బియ్యం ఊరికే వస్తుంటే జొన్నలు పైసలు పెట్టి ఎవరు కొంటారు? 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యం కూడా రాసి ఉంది. చట్టంలో పెట్టిన ధర కిలో రూపాయి. చట్టం చదవండి, దరఖాస్తు పెట్టండి, జొన్నలు రేషన్ దుకాణానికి రావాలని అడగండి.

జహీరాబాద్ దిక్కు దళిత స్త్రీలు ఏం చేశారో తెలుసుకోండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన ఆ ఆడవాళ్ళు చిన్న చిన్న చెలకల్లో జొన్న, సజ్జ, కొర్ర, కంది, నువ్వు కలిపి పండించారు. విత్తనం ఇంట్లోనే దాచుకున్నారు. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకొని ఊరూరా పాత పంటల జాతర తిప్పారు. 2019లో వాళ్ళ సంఘాల కృషికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ప్రపంచం ఇప్పుడు అంటున్న మాట మన ఆడవాళ్ళు ఎన్నడో చేసి చూపించారు. పట్నంలో అద్దాల దుకాణంలో కొర్రలు ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మనం ఒకప్పుడు సిగ్గుపడి వదిలిన గింజలే అవి. అరెకరం చెలక ఉన్నవాళ్ళు పత్తి మధ్యలో నాలుగు సాళ్ళు జొన్న, కంది వేయండి. పండుగ రొట్టెకు సరిపోతుంది.

పండుగకు ముందు ఒక రోజు ఆశక్కను, ఏఎన్‌ఎం అక్కను పిలిచి వాడలో అందరికీ షుగర్, బీపీ చూపించండి. పాదాలు కూడా చూపించండి. ఏప్రిల్ 14న మనం పెట్టే భోజనాల నుంచే మార్పు మొదలుపెట్టండి. కూల్‌డ్రింకు వద్దు, రొట్టె, దాల్చా, గుడాలు పెట్టండి. వడ్డించేది మగవాళ్ళు, ముందు కూర్చునేది ఆడవాళ్ళు. అది చూసి పిల్లలు నేర్చుకుంటారు. నేను బడిలో ఏడాదంతా చెప్పే పాఠం కంటే అది పెద్ద పాఠం.

మా అవ్వ అడిగిన మాటకు ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. అవ్వా, మూకుడు పెట్టు. అది నీ ఇల్లు, నీ పొయ్యి, నీ పండుగ. ఒక్క పూట పెట్టు, దించు. సకినాలు రెండు నువ్వు తిను, రెండు నాకియ్యి. కూర మానకు. సజ్జ రొట్టె కాల్చు, ఆ వాసన కూడా ఊరి దాక పోతుంది. మన ముందర మనమే కూర్చొని తిందాం. తిన్నంక నీ కాళ్ళు ఇటు చాపు, నేను చూస్తాను.

ఈ రాత్రి ఇంటికి పోయి మీ అవ్వల కాళ్ళు, మీ అత్తల కాళ్ళు చూడండి. అదే సావిత్రిబాయికి మనం వేసే దండ.

జై భీమ్!